కబురు లేని సైకిలు

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఓ ఆదివారం, పలాసలో ఇంకా సరిగ్గా తెల్లవారకముందే గుమాస్తా త్రినాథరావు సైకిలు గొలుసుకు నూనె పెట్టేశాడు. వారమంతా ఊళ్ళోవాళ్ళ పనులు చేసే మనిషికి, ఈ ఒక్కరోజూ ఏ పనీ లేకుండా ఉద్దానం తోటల గుండా సముద్రం దాకా తీరిగ్గా తొక్కుకుంటూ పోవాలని కోరిక. పని లేకుండా సైకిలెక్కే మగవాణ్ణి తానెక్కడా చూడలేదని భార్య లలిత మొహం మీదే చెప్పింది.

అతని మామ్మ పెద్దతల్లి మాత్రం పని పురమాయించింది. "ఎలాగూ ఎల్తన్నావు గదా, నన్ను సూసి పొమ్మని దారిలో మనోళ్ళకి సెప్పు. పండగలకీ రారు, పబ్బాలకీ రారు. సచ్చేక వత్తారేటి?"

"ఇయాల నేనే కబురూ మొయ్యను మామ్మా," అనేసి త్రినాథరావు సైకిలెక్కాడు.

తోటల్లో ఎండ కూడా చల్లగానే ఉంది. జీడిపళ్ళ వాసన, కొబ్బరాకుల గలగల. దారిలో రెండు బొండాలు పట్టించి ఈల వేసుకుంటూ పోతుంటే, పెద్దతల్లి అన్నకొడుకు బైరాగి తన అరుగు మీంచి కేకేశాడు. లోపలికి వెళితే భోజనం పెట్టందే వదలరు, ఇక సముద్రం గోవిందా. అందుకని త్రినాథరావు సైకిలు దిగలేదు. బైరాగి భార్య సూరమ్మ చెంబుతో నీళ్ళిస్తే, కడుపులో చోటు లేక వద్దన్నాడు.

"మాయత్త ఎలాగుందల్లుడూ?" అన్నాడు బైరాగి.

మామ్మ కబురు ఎగ్గొడుతున్నానన్న సిగ్గుతో త్రినాథరావు తల దించుకున్నాడు. తరవాత మాట్లాడుకుందామని గొణిగి గబగబా తొక్కేశాడు.

వాళ్ళలో చావు కబురు తెచ్చినవాడు గడప తొక్కడు, మంచినీళ్ళు ముట్టడు. అలాంటివాణ్ణి నిలదీసి అడగడమూ మర్యాద కాదు. త్రినాథరావు మలుపు తిరిగాడో లేదో సూరమ్మ శోకాలు అందుకుంది, బైరాగి బండి కట్టాడు. పక్క ఊళ్ళో పెద్దతల్లి చెల్లెలు నూకరత్నం ఇచ్చిన మజ్జిగ కూడా త్రినాథరావు ఇలాగే కాదనుకుని పోయాడు. అక్కడ రెండు బళ్ళు కట్టారు.

ఇవేవీ తెలియని త్రినాథరావు సముద్రపొడ్డున ఇసుకలో వెల్లకిలా పడుకుని, పెళ్ళయ్యాక ఇంత సుఖం ఎరగననుకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి తన ఇంటిముందు మూడు బళ్ళు, లోపల ఏడుపు. సైకిలు వీధిలోనే వదిలేశాడు. ముసలిదాని ఆఖరి కోరిక, నోటిమాటతో అయిపోయేది, చెయ్యలేదే అని గుమ్మంలోనే బావురుమన్నాడు.

లోపల పెద్దతల్లి చుట్టాల మధ్య మంచం మీద దర్జాగా కూర్చుని ఉంది. తన మీద పెట్టే శోకాలు తానే వింటానని ఆవిడ పట్టుబడితే, ఎదురుగా ఏకరువు పెడుతున్న సూరమ్మ గొంతు బొంగురుపోయి ఆగింది.

"ఆపేసినావేటే? నా సేతి సేపల పులుసు కాడికొచ్చినావు, కానియ్యి," అంది పెద్దతల్లి.

త్రినాథరావు కళ్ళు తుడుచుకునేలోగా బైరాగి చొక్కా పట్టుకున్నాడు. "నీల్లెందుకు తాగనేదల్లుడూ?"

"బొండాలు తాగేను మావా."

వంటింట్లోంచి లలిత గరిటె పట్టుకుని చూసిన చూపుకి అతనికి సముద్రం కాస్తా మరపుకొచ్చింది. ఇంతమందికి అన్నం వండుతున్నది ఆవిడే మరి. పెద్దతల్లి మాత్రం మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరింది.

"టెక్కలి దిక్కోళ్ళు ఒక్కలూ రానేదు బాబూ. వచ్చే ఆదివారం అటేపు తొక్కు. ఎక్కడా నీల్లు తాగకు."