దివాకరానికి పెళ్ళి చేయవలెనని తీర్మానం

"ఏలూరు పుర ప్రజలకు విజ్ఞప్తి! మన ప్రియతమ కథానాయకులు, ఆజన్మ బ్రహ్మచారి, ప్రజాసేవాధురంధరులు దివాకరం గారికి రేపు సాయంత్రం టౌన్‌హాల్లో పౌరసన్మానం జరుగును. దివాకరం గారు కల్పిత పాత్ర అయినందున సభకు విచ్చేయలేరు. వారి తరఫున శాలువా రచయిత అచ్యుతరావు గారు కప్పుకొందురు. స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు!"

జట్కా మీద మైకు కట్టి ఊరంతా ఇలా చాటించినవారు పట్టణ పార్టీ అధ్యక్షులు శ్రీరంగనాయకులు గారు. నూనె వర్తకం ఆయన వృత్తి, ప్రజాసేవ ఆయన ఊపిరి. ఏ పని చేసినా ప్రజల కోసమే చేస్తారు. మొన్న కట్టిన రెండంతస్తుల మేడ కూడా దారిన పోయే ప్రజలు చూసి ఆనందిస్తారనే కట్టారు. ఆంధ్రరాష్ట్రం వచ్చి ఏడాది కావస్తోంది, ఎన్నికలు వస్తాయంటున్నారు, ఆయనకు అసెంబ్లీ టిక్కెట్టు కావాలి. అదీ ప్రజల కోసమే.

దివాకరం ఎవరో ఆ రోజుల్లో ఏలూరులో అడిగితే, అడిగినవాణ్ణి పిచ్చివాడి కింద జమకట్టేవారు. 'గోదావరి గంట' వారపత్రికలో రెండేళ్ళుగా వస్తున్న సీరియల్లో నాయకుడతను. కొల్లేట్లో మందుల పడవ నడుపుతాడు. కలరా వచ్చినా, గాలివాన వచ్చినా, లంక గ్రామాలకు మందులు చేరవేస్తాడు. పక్కన గెడ వేసే స్నేహితుడు గంగరాజు. భీమడోలు స్టేషన్లో పత్రిక కట్ట దిగీ దిగకముందే జనం మీదపడేవారు. తాడేపల్లిగూడెంలో దివాకరం కాఫీ హోటలు వెలిసింది. జంగారెడ్డిగూడెంలో దివాకరం మార్కు పొగాకు బయల్దేరింది. రచయిత అతనికి ఇంటిపేరు పెట్టలేదు. అంచేత కులసంఘాలన్నీ ఎవరికివారే అతను మావాడన్నాయి. అంత మంచివాడు మాలో కాక ఇంకెవరిలో పుడతాడని అందరూ ఒకే రుజువు చూపించారు.

శ్రీరంగనాయకులు గారు గోడలన్నిటిమీదా "దివాకరం మనవాడే! మన ఓటు మనవాళ్ళకే!" అని రాయించారు. ఆ సీరియల్ ఆయన చదివారా అంటే, చదివినట్టే. భోజనాల దగ్గర భార్య మంగతాయారు పైకి చదివేది. ఆయన చెవి సగం కథమీదా, సగం పులుసు మీదా ఉండేది.

సన్మానసభ కిటకిటలాడింది. నాయకులు గారు మైకు పుచ్చుకున్నారు.

"దివాకరం దేశం కోసం పెళ్ళి మానుకున్నాడు! నాకు పెళ్ళయింది, ఆరుగురు పిల్లలు. అయినా సోదరులారా, మనసులో నేనూ దివాకరాన్నే!"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళ వైపు మంగతాయారు తల దించుకుంది.

అప్పుడు బాలికల స్కూలు పంతులమ్మ పరమేశ్వరి లేచి నిలబడింది. "అచ్యుతరావు గారూ, దివాకరం నిజంగా దేశం కోసమే పెళ్ళి చేసుకోలేదాండీ?"

అచ్యుతరావు బక్కపల్చటి మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లేదండీ. పెళ్ళి మానమని దేశం ఎవరినీ అడగలేదు గదండీ. దివాకరానికి గంగరాజంటే ప్రాణం. గంగరాజుకూ అంతే. ఆలుమగలకు ఎలా ఉంటుందో అలాగన్నమాట. వాళ్ళకు వాళ్ళున్నారు, ఇంకా పెళ్ళెందుకండీ? మొదటి వారం నుంచీ అదే రాస్తున్నాను."

హాలంతా చల్లబడిపోయింది. వెయ్యబోయిన పూలదండ నాయకులు గారి చేతుల్లోనే ఉండిపోయింది. మనసులో నేనూ దివాకరాన్నేనని ఆయన అని అయిదు నిమిషాలు కాలేదు. జనమంతా ఆయన్ని చూశారు. తరవాత ఆయన పక్కన నిలబడిన పార్టీ కార్యదర్శి వీరవెంకటరమణను చూశారు. వీరవెంకటరమణ అంతవరకూ అధ్యక్షుల వారి భుజంమీద ఆప్యాయంగా వేసిన చెయ్యి తీసి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి ఏలూరులో ఏ ఇద్దరు మగవాళ్ళూ భుజాలమీద చేతులు వేసుకు నడిస్తే ఒట్టు. అంతకుముందు అందరూ అలాగే నడిచేవారు.

'గోదావరి గంట' ఆఫీసుకు ఉత్తరాలు బస్తాలతో వచ్చాయి. రెండేళ్ళుగా తాను కార్చిన కన్నీళ్ళు వాపసు ఇప్పించవలసిందని ఒకాయన రాశాడు. కొడుక్కి దివాకరం అని పేరు పెట్టుకున్న ఇంకొకాయన, మళ్ళీ బారసాల ఖర్చు ఎవరిస్తారని నిలదీశాడు. తాడేపల్లిగూడెం కాఫీ హోటలు బోర్డుకు సున్నం కొట్టారు, కాఫీ మాత్రం అదే పోశారు. కులసంఘాలు మళ్ళీ సమావేశమై, దివాకరం మావాడు కాదని, పక్కవాళ్ళ వాడని, ఆ పోలికలు మొదటినుంచీ కనిపిస్తూనే ఉన్నాయని తీర్మానాలు చేశాయి. పోటీ పార్టీవాళ్ళు పెద్దగా శ్రమపడలేదు. గోడలమీద "మనవాడే" అన్నచోట "మీవాడే" అని దిద్ది ఇళ్ళకు పోయారు.

నాయకులు గారికి అన్నం సయించలేదు. "రెండేళ్ళు చదివావు గదా, నీకు తెలియలేదుటే?" అని భార్యమీద విరుచుకుపడ్డారు.

"తెలిసిందండీ," అంది మంగతాయారు మజ్జిగ పోస్తూ. "గంగరాజు పడవలో జ్వరంతో పడుంటే దివాకరం మూడు రోజులు పడవ దిగలేదు. అక్కడే తెలిసింది. మీరప్పుడు గుత్తివంకాయ తింటున్నారు."

"మరి చెప్పవేం?"

"మంచివాళ్ళు గదండీ ఇద్దరూ. ఇందులో చెప్పడానికేముందీ?"

ఆడవాళ్ళకు రాజకీయాలు తెలియవని నాయకులు గారు ఆ పూట మరోసారి గ్రహించారు.

ఇంతలో మంత్రిగారు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగారు. నాయకులు గారిని పిలిపించారు.

"ఏమయ్యా నాయకులూ! టిక్కెట్టు నీకేనని రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే మీ దివాకరం ఇలా చేశాడు!"

"నేనేం చేసేదండీ? వాడు కథలో మనిషండీ."

"కథలో మనిషైతే మాత్రం వయసొచ్చినవాడికి పెళ్ళి చెయ్యొద్దూ? పెద్దవాళ్ళు మీరంతా ఏం చేస్తున్నట్టు? వెంటనే పెళ్ళి చేసెయ్యండి, అన్నీ అవే సర్దుకుంటాయి. మా తమ్ముడు ఇలాగే ఎవరో స్నేహితుడి వెంట తిరుగుతుంటే చప్పున పెళ్ళి చేశాం."

"కుదురుకున్నారాండీ?"

"లేదనుకో. కానీ జనం మాట్లాడుకోవడం మానేశారు. మనకు కావలసింది అదే గదా!" మంత్రిగారు చుట్ట వెలిగించారు. "పెళ్ళి అచ్చయిన వారం నేనే వస్తాను. సభ పెట్టు, భోజనాలు పెట్టు. వధూవరులను ఆశీర్వదించి, అదే నోటితో నీ టిక్కెట్టు ప్రకటిస్తాను."

మంత్రిగారి మేధాశక్తికి నాయకులు గారి కళ్ళు చెమర్చాయి. తెల్లవారేసరికి దివాకర వివాహ నిర్వాహక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు నాయకులు గారు, కార్యదర్శి వీరవెంకటరమణ, ముహూర్తాలకు శాస్త్రిగారు. సంఘం కదిలి పవర్‌పేటలో అచ్యుతరావు అద్దెకుండే గదికి వెళ్ళింది.

"పెళ్ళి చెయ్యకపోతే సీరియల్ ఆపేస్తామని మీ పత్రికవాళ్ళు అన్నారండీ," అన్నారు నాయకులు గారు ఎంతో సానుభూతితో. వాళ్ళ చేత అనిపించింది ఆయనే.

అచ్యుతరావు మొహం పాలిపోయింది. రెండేళ్ళుగా అతనికి అన్నం పెడుతున్నది ఆ పడవే. "అలాగేనండీ, పెళ్ళి చేస్తాను," అన్నాడు చివరికి. "పిల్ల ఎవరండీ?"

అక్కడ చిక్కు వచ్చిపడింది. తమ కులం పిల్లను రాస్తే రక్తపాతం జరుగుతుందని వీరవెంకటరమణ అన్నాడు. తమ పిల్ల పేరెత్తితే కోర్టుకెక్కుతామని శాస్త్రిగారు అన్నారు. తమ పిల్లనేనా ఇచ్చేదని నాయకులు గారు లేచి నిలబడ్డారు. కాఫీలు రావడంతో శాంతి నెలకొంది.

"పిల్లదేముందండీ, ఎవరో ఒకరు! తరవాత చూసుకోవచ్చు," అని నాయకులు గారు తేల్చేశారు. "పెళ్ళంటే భోజనాలూ, మర్యాదలూ. మన జిల్లా పరువు నిలబడాలి. పనసపొట్టు కూర మరిచిపోకండేం!"

"సుముహూర్తం తెల్లవారుజామున పెట్టండి," అన్నారు శాస్త్రిగారు.

"మంత్రిగారు అక్షింతలు వేసినట్టు రాయాలండోయ్!" అన్నాడు వీరవెంకటరమణ.

అచ్యుతరావు అన్నిటికీ తల ఊపాడు. "ఒక్క మనవండీ. తోడుపెళ్ళికొడుకుగా గంగరాజును ఉంచుకోవచ్చాండీ?"

"భలేవారే! తోడుపెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేమిటండీ?" అన్నారు శాస్త్రిగారు. "స్నాతకం నుంచీ వాడు పెళ్ళికొడుకు పక్కనుంచి కదలకూడదు. శాస్త్రం!"

"ఉంచండుంచండి. స్నేహితుడు దగ్గరుండి పెళ్ళి చేయిస్తే లోకానికున్న అనుమానం కూడా తీరిపోతుంది," అన్నారు నాయకులు గారు.

అచ్చుకు వెళ్ళేముందు ఆ వారం భాగాన్ని సంఘం క్షుణ్ణంగా పరీక్షించింది. శాస్త్రిగారు ముహూర్తం ఉన్నచోట చూసి బాగుందన్నారు. వీరవెంకటరమణ మంత్రిగారి పేరు ఉన్నచోట చూసి, ముందు 'గౌరవనీయులు' చేర్పించాడు. నాయకులు గారు వంటలు చదివి, అప్పడాలు తక్కువయ్యాయని ఇంకో బుట్ట వేయించారు. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

పత్రిక వచ్చిన రోజు మంగతాయారు భోజనాల దగ్గర చదివింది. పనసపొట్టు కూర దగ్గరకు రాగానే నాయకులు గారు "మళ్ళీ చదువు," అన్నారు. మళ్ళీ చదివింది. ఆయన తృప్తిగా త్రేన్చి, చెయ్యి కడుక్కుని, పడక్కుర్చీలో కునుకు తీశారు. మిగతాది ఆవిడ ఒక్కతే చదువుకుంది. ఆయన కళ్ళు తెరిచేసరికి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, పెదాలమీద చూస్తే నవ్వు.

"ఏమిటే, ఏమైంది?"

"ఏం లేదండీ. పెళ్ళి బాగా జరిగింది. నాకు భలే సంతోషంగా ఉంది."

"మరి, చేయించింది ఎవరనుకున్నావు!" అన్నారాయన.

జనం కూడా పొంగిపోయారు. భోజనాల వర్ణన చదివి, అచ్యుతరావు కలానికి బంగారు తొడుగు చేయించాలన్నారు. మగపెళ్ళివారికి కాఫీ ఆలస్యమైందని భీమడోలు నుంచి ఒకాయన అలిగి ఉత్తరం రాశాడు. కులసంఘాలు దివాకరాన్ని మళ్ళీ ఎవరికివారే మావాడన్నాయి. గోడలమీద "మీవాడే" చెరిగిపోయి "మనవాడే" వచ్చింది. కాఫీ హోటలు బోర్డు సున్నం గీకించారు. స్నేహితులు మళ్ళీ భుజాలమీద చేతులు వేసుకుని సినిమాలకు వెళ్ళడం మొదలుపెట్టారు.

అనుకున్న రోజున మైదానంలో వివాహ అభినందన సభ జరిగింది. ముందు వేదిక, వెనక పందిట్లో భోజనాలు. పనసపొట్టు కూర ఘుమఘుమలు మైకు దాకా వస్తున్నాయి. జనం ఇసక వేస్తే రాలనంతమంది. నాయకులు గారు పట్టు కండువాతో మంత్రిగారి పక్కన కూచున్నారు. ఇంకో పది నిమిషాలు గడిస్తే టిక్కెట్టు ఆయనది.

మంత్రిగారు లేచారు. "సోదర సోదరీమణులారా! పెళ్ళి అనేది మన సంస్కృతికి వెన్నెముక. ఈ శుభసమయంలో చిరంజీవి దివాకరానికీ, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి..."

ఆగారు. నాయకులు గారి వైపు వంగి, "అమ్మాయి పేరేమిటయ్యా?" అన్నారు మెల్లగా. మైకుకు మెల్లగా అంటే ఏం తెలుస్తుంది? మైదానమంతా వినిపించింది.

నాయకులు గారు వీరవెంకటరమణను చూశారు. వీరవెంకటరమణ శాస్త్రిగారిని చూశాడు. శాస్త్రిగారు ఆకాశంలోకి చూశారు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంతమందిలో ఆ పెళ్ళి చదవనివాడు లేడు. వంటల్లో ఏది ముందు వడ్డించారో అందరికీ జ్ఞాపకం ఉంది. పెళ్ళికూతురి పేరు మాత్రం ఎవరికీ తట్టడం లేదు.

"చెప్పవయ్యా!" అన్నారు మంత్రిగారు.

ఆడవాళ్ళ వైపు నుంచి మంగతాయారు లేచి నిలబడింది. మొగుడు చెమటలు కక్కడం చూసి పాపం ఓర్చుకోలేకపోయింది కాబోలు.

"గంగరాజండీ," అంది స్పష్టంగా.

నాయకులు గారి నోరు తెరుచుకుంది. టిక్కెట్టు ఇంకా మంత్రిగారి నోట్లోనే ఉందని గుర్తొచ్చి మళ్ళీ మూసుకుంది.

ఇరవై ఏళ్ళ ప్రజాజీవితంలో మంత్రిగారు తమకు ఎవరో అందించిన పేరును చదవకుండా వదిలిపెట్టింది లేదు.

"...చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి గంగరాజుకూ నా హృదయపూర్వక ఆశీస్సులు! ఈ దంపతులు నూరేళ్ళు పిల్లాపాపలతో వర్ధిల్లాలి!"

వెనక వరసలో అచ్యుతరావు లేచి, దివాకరం గారి తరఫునా, గంగరాజు గారి తరఫునా చేతులు జోడించి ఆశీస్సులు అందుకున్నాడు.

మైదానంలో ఎవరూ కదల్లేదు. మంత్రిగారు నాయకులు గారి వైపు తిరిగారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవారు నాయకులు గారే. ఆ వెనక జనమంతా కొట్టారు. పందిట్లో అప్పటికే విస్తళ్ళు వేసేశారు.