నింపాది తోకలు

మర్డో గన్ అనే పెద్దమనిషి ఫోన్లో తియ్యగా మాట్లాడుతున్నాడంటే అవతల ఉన్నది అతని భార్య కాదని ఊళ్ళో ఎవరైనా చెప్పగలరు. ఆ ఉదయం వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న ఇష్బెల్‌కి కూడా ఆ సంగతి తెలుసు కనుక, రొట్టెల్ని వాటి ఖర్మానికి వదిలేసి చెవి హాల్లోకి వేసింది.

"ఎండా? ఎండకేం కొదవ తల్లీ! మా కెయిత్‌నెస్‌లో జూన్ వచ్చిందంటే సూర్యుడు రాత్రి పదకొండైనా ఇంటికి పోడు. మేమే బతిమాలి పంపించాలి. తిండా? మా ఆవిడ సాసేజ్ రోల్స్ చేస్తుంది. తినగలిగినన్ని తినండి. స్నానాలకి మా ఇల్లుంది, మీ ఇల్లే అనుకోండి. ఆ, ఆ, మావీ ముసలి కుక్కలే. పాపం, లేచి నిలబడితే అదే పదివేలు."

ఫోన్ పెట్టేసి చేతులు రుద్దుకుంటూ వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఇష్బెల్ ఉంది.

"నా సాసేజ్ రోల్స్ ఎవరికి వడ్డిస్తున్నావు?"

"కార్న్‌వాల్ జట్టుకి. మన పోటీకి వస్తామన్నారు."

"కార్న్‌వాలా? అది దేశానికి దక్షిణపు కొస. మనం ఉత్తరపు కొస. మధ్యలో ఎక్కడా కుక్కలు లేవా మర్డో?"

"ఉన్నాయి. కానీ వాళ్ళంతా మనల్ని ఎరుగుదురు" అని నోరు జారి, మర్డో వెంటనే దగ్గాడు. ఆ దగ్గుతో ఇంటి వెనక కోళ్ళు కూడా బెదిరాయి గానీ, ఇష్బెల్ బెదరలేదు.

"ఎరిగినవాళ్ళనే కదా ఎవరైనా పిలుస్తారు?"

"కొత్తవాళ్ళతో పరిచయాలు పెరగాలి ఇష్బెల్. మనసు విశాలం చేసుకోవాలి."

"ముందు స్నానాలగది విశాలం చెయ్యి. మరి పోర్చుగల్ మాటేమిటి? జూన్ ఆఖర్న పోర్చుగల్ తీసుకెళ్తానన్నావుగా?"

"ఈ ఒక్క పోటీ అవనీ. కప్పు వచ్చిందా, ఇంక కుక్కల జోలికి పోతే ఒట్టు. నిన్ను పోర్చుగల్ ఇసకలో పడుకోబెట్టి, రెండువైపులా తిప్పి తిప్పి ఎండబెడతాను."

"నేనేమైనా ఉప్పుచేపనా?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. రొట్టెలు అప్పటికి బొగ్గులయ్యాయి. ఆ పూట అవి మర్డో పళ్ళెంలోకే వచ్చాయి.

ఇక్కడ మర్డో పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి. అతను ఇల్లరికపు అల్లుడు. ఆ ఇంటి హాల్లో చలి కాచుకునే పొయ్యికి పైన గోడకి పొడవాటి చెక్క అల్మరా ఉంది. అందులో కుడి సగం నిండా మావగారు గొర్రెలు తోలే కుక్కల పోటీల్లో గెలిచిన కప్పులు. ఎడమ సగం మర్డోది. అక్కడ ఏమీ లేదు. అత్తగారు డోలినా ప్రతి ఆదివారం గుడ్డ పట్టుకుని ఆ కప్పులు తుడుస్తూ, ఎడమవైపుకి వచ్చేసరికి ఒక్క విసురు విసిరి, "నీ వైపు ఎంత సుఖమో బాబూ! గుడ్డకి ఏదీ అడ్డం రాదు" అంటుంది. పెళ్ళయిన నాటినుంచీ ప్రతి ఆదివారం ఇదే మాట. ఏ మగాడు మాత్రం ఎన్ని ఆదివారాలు ఓర్చుకుంటాడు?

అందుకని మర్డో ఫ్లైబాల్ ఆటలో దిగాడు. జట్టుకి నాలుగు కుక్కలు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా అడ్డుచెక్కలు దూకుతూ వెళ్ళి, చివర ఉన్న పెట్టె మీద కాలు వెయ్యాలి. బంతి ఎగిరి బయటికొస్తుంది. దాన్ని నోట కరుచుకుని మళ్ళీ దూకుతూ యజమాని దగ్గరికి రావాలి. అడ్డుచెక్కల ఎత్తు జట్టులోని పొట్టి కుక్కని బట్టి పెడతారు. మర్డో దగ్గర మెరుపుల్లాంటి కోలీ జాతి కుక్కలు మూడున్నాయి. నాలుగోది అత్తగారి ముద్దుల కుక్క పికిల్. పేరుకి ఊరగాయే గానీ ఘాటు లేదు. పొట్టతో నేల ఊడ్చుకుంటూ నడుస్తుంది. దాని పొట్టితనం పుణ్యమా అని చెక్కలు కిందికి దిగాయి. దాని నడక పుణ్యమా అని కప్పులు పక్కవాళ్ళకి పోయాయి.

పోటీల్లో జట్లని వేగాన్ని బట్టి వేరు చేస్తారు. మధ్యరకం జట్లలో మర్డో జట్టు ఎప్పుడూ ఆఖరు. నెమ్మది జట్లలో చేరితే మాత్రం సులువుగా మొదటిది. అయితే దానికో చిక్కుంది. నెమ్మది జట్లకి ఒక హద్దు పెడతారు. ఆ హద్దు కన్నా వేగంగా పరుగు ముగిస్తే, గెలిచినా ఓడినట్టే లెక్క. మూడుసార్లు అలా జరిగితే జట్టు పోటీలోంచి అవుట్. వేగం ఉన్నవాళ్ళు వేషం మార్చుకుని అమాయకుల మధ్య దూరకుండా పెట్టిన నియమం అది. మర్డోలాంటివాళ్ళని మనసులో పెట్టుకునే పెట్టి ఉంటారు.

మర్డో దూరాడు. 'పిడుగులు' అనే జట్టు పేరు తీసేసి 'నింపాది తోకలు' అని పెట్టాడు. తన కోలీల సంగతి తెలిసిన ఇరుగుపొరుగు జట్లకి కబురే పెట్టలేదు. కార్న్‌వాల్, కెంట్, వేల్స్ అంటూ దేశం అడుగున ఎక్కడెక్కడ ముసలి కుక్కలున్నాయో వెతికి మరీ పిలిచాడు. పికిల్ నడక ఉండగా హద్దు దాటుతామన్న భయం లేదు. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఎవరు చెయ్యగలరు!

శుక్రవారం మధ్యాహ్నానికి అతిథులు దిగారు. వాళ్ళతో పాటే వాన కూడా దిగింది. కెయిత్‌నెస్ వాన పైనుంచి కిందికి పడదు, సముద్రం మీదనుంచి అడ్డంగా వస్తుంది. కెంట్ వాళ్ళ గుడారం లేచి పక్క పొలంలో ఆవుల మీద పడింది. గాలి కాస్త ఆగిందని సంతోషించేలోగా కంటికి ఆనకుండా కుట్టే మిడ్జ్ పురుగులు మబ్బులా ముసిరాయి. ఎండటోపీలు పెట్టుకుని వచ్చిన వేల్స్ వాళ్ళు ఆ టోపీలతోనే పురుగుల్ని కొట్టుకున్నారు.

"సూర్యుడు రాత్రి పదకొండు దాకా ఉంటాడన్నారు?" అని వాళ్ళ పెద్ద నిలదీశాడు.

"ఉన్నాడుగా! ఆ మబ్బు వెనక" అని మర్డో చెయ్యి చూపించి, గుడారం మేకులు దిగ్గొట్టే నెపంతో చల్లగా జారుకున్నాడు.

ఇంట్లో స్నానాలగది ముందు వరస మెట్లు దిగి, హాలు దాటి, వంటింట్లోకి వచ్చింది. ఆ వరసలో తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ కార్న్‌వాల్ జట్టు పెద్ద లవ్‌డే ట్రెంబాత్, మోచేతుల దాకా పిండితో ఉన్న ఇష్బెల్‌ని జాలిగా చూసింది. బొద్దుగా, ఎండకి రాగిరంగు తేలిన మనిషి.

"మీకు ఇంత శ్రమ ఇచ్చాం, ఏమనుకోకండమ్మా. అయినా పాపం, మీకూ ఈ ఊరే మంచిదిలెండి."

"ఎందుకని?"

"మీకు ఎండ పడదటగా! ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయటగా! మా ఊరు కూడా రండి అని నేను ఫోన్లో పిలిస్తే మీ ఆయన చెప్పారు. 'దానికి ఎండ పడదు, అందుకే ఎక్కడికీ తీసుకెళ్ళలేకపోతున్నాను' అని ఎంత బాధపడ్డారో!"

ఇష్బెల్ చేతిలో పిండి నలుగుతూ ఉండిపోయింది.

"ఇంకేం చెప్పారు మా ఆయన?"

"మీ కుక్కలు కూడా మావాటిలాగే ముసలివనీ, లేచి నిలబడితే అదే పదివేలనీ."

ఇష్బెల్ కిటికీలోంచి చూసింది. పెరట్లో మూడు కోలీలు గోడ మీదినుంచి గోడ మీదికి ఎగురుతూ సముద్రపు కొంగల్ని తరుముతున్నాయి. కొంగలే అలిసిపోయాయి. ఇరుగుపొరుగుని ఎందుకు పిలవలేదో, జట్టు పేరు ఎందుకు మారిందో, ఆవిడకి మొత్తం అర్థమైంది. ఎన్ని వేసవులు ఈ వంటింట్లో గడిపిందో, ఎన్నిసార్లు పెట్టె సర్ది మళ్ళీ విప్పిందో తలుచుకుంది. ఏడవాలనిపించింది. కానీ వంటింట్లో అంతమంది పరాయివాళ్ళు తువ్వాళ్ళతో నిలబడి ఉండగా ఏం ఏడుస్తుంది! అందుకని నవ్వింది.

ఇష్బెల్ అరిస్తే మర్డోకి భయం లేదు, అలవాటైపోయింది. నవ్వితేనే భయం. ఆ నవ్వు మర్డో చూసి ఉంటే ఆ క్షణమే పోటీ రద్దు చేసేవాడు. కానీ అతనప్పుడు ఆవుల కిందనుంచి గుడారం లాగుతున్నాడు.

తెల్లారి మైదానంలో ఇష్బెల్ నడుం పట్టుకుంది. "వంగలేను మర్డో. అన్ని రోల్స్ చేశాక ఇంకేం నడుం? బంతులు పెట్టెలో పెట్టే పని అమ్మ చూస్తుంది, స్టూల్ మీద కూర్చుని. పికిల్‌ని నేను పిలుస్తాను."

"పిలువు, పిలువు. ఎవరు పిలిస్తేనేం, అది వచ్చేటప్పుడే వస్తుంది" అన్నాడు మర్డో ధీమాగా.

మొదటి పరుగు కెంట్ జట్టుతో. మర్డో కోలీ, పక్కింటి అన్నదమ్ములు పట్టుకున్న రెండు కోలీలు వెళ్ళొచ్చాయి. పికిల్ వంతు వచ్చింది. తీరిగ్గా పోయి బంతి పట్టుకుని, అలవాటు ప్రకారం ఆగి గడ్డి వాసన చూడబోయింది. అవతల కొసన ఇష్బెల్ జేబులోంచి మాంసం కూరిన వేడి వేడి సాసేజ్ రోల్ తీసి పైకెత్తింది.

"పికిల్! ఇటు చూడరా నా బంగారం!"

పికిల్ చూసింది. తనకి నాలుగు కాళ్ళున్నాయన్న సంగతి దానికి జీవితంలో మొదటిసారి గుర్తొచ్చినట్టుంది. చెవులు వెనక్కి పోయాయి, పొట్ట నేల విడిచింది. కెంట్ కుక్కలు నిలబడి చోద్యం చూశాయి.

న్యాయనిర్ణేత బెయిన్ గారు ఈల వేశారు. నవ్వితే నియమాలకి భంగమని నమ్మే మనిషి ఆయన. "నింపాది తోకలు గెలిచాయి. హద్దు దాటిన వేగంతో గెలిచాయి. కనుక ఓడాయి."

"అలా చేతిలో తిండి పట్టుకుని పిలవొచ్చా?" అన్నాడు మర్డో.

"నేల మీద పడేస్తే తప్పు. చేతిలో ఉంటే తప్పు లేదు. అయినా తమరు మీ జట్టు మీదే ఫిర్యాదు చేస్తున్నారా?"

మర్డో ఏమీ చెయ్యటం లేదన్నాడు.

రెండో పరుగులో తన కోలీని ఆలస్యంగా వదిలాడు. జేబురుమాలు పడిపోయినట్టు వంగాడు. లేచి చూసేసరికి పికిల్ అప్పటికే వచ్చేసి రెండో రోల్ నములుతోంది. మళ్ళీ గెలిచి ఓడారు. గట్టు మీద అతిథులు చప్పట్లు కొట్టారు. "చూశారా, మన కోసం కావాలని ఓడిపోతున్నాడు! ఎంత మర్యాదస్తుడు!" అంది లవ్‌డే కళ్ళు తుడుచుకుంటూ.

మూడో పరుగుకి మర్డోకి ఒళ్ళు మండిపోయింది. పికిల్ దారికి అడ్డంగా పోయి, కాళ్ళు చాపి నిలబడి, "ఆగు పికిల్! నీకు దణ్ణం పెడతాను, ఆగు!" అని అరిచాడు. పికిల్ ఆ రెండు కాళ్ళ మధ్యనుంచే దూరి, తోక కూడా తగలకుండా పోయింది. మర్డో తూలి బురదలో కూర్చున్నాడు. బెయిన్ గారు ఈల వేసి, నింపాది తోకలు పోటీలోంచి అవుట్ అని ప్రకటించారు.

"ఏం పని చేశావే ఇష్బెల్!"

"నేనేం చేశాను? పికిల్ పరుగెత్తట్లేదని ఇన్నాళ్ళూ నువ్వేగా ఏడ్చావు? కప్పు వస్తే పోర్చుగల్ అన్నావుగా? ప్రాణం పెట్టి పిలిచాను."

నెమ్మదిగా పిలవాల్సింది అని ఎలా అంటాడు? పక్కనే లవ్‌డే నిలబడి ఉంది. బురద దులుపుకున్నాడు.

"అన్నట్టు మర్డో, నాకు ఎండ పడదట కదా? నాకెవరూ చెప్పనే లేదు."

మర్డో చెవులు ఎర్రగా సాసేజ్ రంగుకి తిరిగాయి.

కప్పు కార్న్‌వాల్‌కి పోయింది. పోటీకి అందర్నీ పిలిచినవాడు తనే కనుక, ఎడమ సగం కోసం ముచ్చటపడి ఎంచి తెచ్చిన ఆ కప్పుని మర్డో తన చేతులతోనే లవ్‌డేకి ఇచ్చాడు. ఆవిడ అందుకుని రెండు మాటలు చెప్పింది. "ఇంత దూరం పిలిచి, అతిథుల్ని గెలిపించడం కోసం మూడుసార్లు ఓడినవాళ్ళని మేమెక్కడా చూడలేదు. మీరు మమ్మల్ని పిలిచారు, ఇప్పుడు మేము పిలుస్తున్నాం. ఇష్బెల్ గారు మాతో మా ఊరు వస్తున్నారు. సముద్రం ఒడ్డున మా కారవాన్, అదే చక్రాల ఇల్లు, ఖాళీగా ఉంది. ఎండ పడదు కదమ్మా అంటే, పడుతుందో లేదో చూద్దామన్నారు!"

మర్నాడు పొద్దున్న కార్న్‌వాల్ వ్యాను ముందు సీట్లో ఇష్బెల్ కూర్చుంది. తలమీద టోపీ, ఒళ్ళో పికిల్.

"నేనూ వస్తాను" అన్నాడు మర్డో కిటికీ పట్టుకుని.

"కోలీలని ఎవరు చూస్తారు? అమ్మని ఎవరు చూస్తారు?"

"పికిల్‌నైనా ఉంచు! పై నెల పోటీ ఉంది. పొట్టి కుక్క లేకపోతే చెక్కలు ఎంత పైకి పోతాయో తెలుసా?"

"పాపం, దానికీ ఎండ పడుతుందో లేదో చూడద్దూ?" అంది ఇష్బెల్. వ్యాను కదిలింది.

వారం తిరక్కుండా పోస్టులో ఫోటో వచ్చింది. నీలం సముద్రం ముందు ఇసకలో ఇష్బెల్, రాగిరంగు తేలి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఒక్క దద్దురు లేదు. పక్కనే కప్పు. దాని నిండా ఐస్‌క్రీమ్. అందులో పికిల్ మూతి. మర్డో ఆ నవ్వుని చాలాసేపు చూశాడు. ఆవిడ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. సిగ్గేసింది. తను ఒక్క రోజు ఆట మానేసి ఉంటే ఆ ఇసకలో పక్కన తనే ఉండేవాడు, కప్పు లేకపోయినా ఐస్‌క్రీమైనా దక్కేది.

మర్నాడు ఆదివారం. డోలినా గుడ్డ పట్టుకుని వచ్చింది. ఇంకా అల్లుడి చేతిలోనే ఉన్న ఫోటో తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, అల్మరాలో ఎడమ సగం సరిగ్గా మధ్యలో నిలబెట్టింది. తర్వాత గుడ్డ అతని చేతిలో పెట్టింది.

"ఇవాళ్టి నుంచి నీ వైపు నువ్వే తుడుచుకో బాబూ. ఇన్నాళ్ళకి నీకూ ఒక కప్పు వచ్చింది. కాస్త దూరంగా ఉంది, అంతే."