మామగారి కర్రకు మూతలు

ఆదివారం పొద్దున్న అల్లుడి పథకం చాలా చిన్నది. మామగారు వచ్చేలోగా ఎవరికీ తెలియకుండా రెండు మూతలు తయారుచేయాలి. అయినా కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

మామగారి ప్రాణమంతా పూల్ ఆడే కర్రలో ఉంటుంది. బల్ల మీద బంతులు పొడిచే ఆ కర్రను మధ్యలో మర తిప్పి రెండు ముక్కలు చేయవచ్చు. ఒక ముక్కకు మర, రెండోదానికి ఆ మర దూరే బెజ్జం. ఆ రెండు చోట్లా దెబ్బ తగలకుండా నల్ల చెక్క మూతలుంటాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అల్లుణ్ణి నమ్మి ఇచ్చిన వస్తువు ఇదొక్కటే. "ఆ మరకేమైనా అయిందంటే నాకు మొహం చూపించకు" అని చెప్పి మరీ ఇచ్చారు. మర క్షేమంగా ఉంది. మూతలే మాయమయ్యాయి.

వెతికి వెతికి అల్లుడు పడగ్గదిలోని అలమర ముందు ఆగాడు. అది అత్తగారింటి నుంచి వచ్చింది. సొరుగులకు గుండ్రటి నల్ల చెక్క పిడులు. కింది సొరుగుకు మాత్రం ఇత్తడివి. అసలు పిడులు తన ఆడపడుచే ఎత్తుకెళ్ళిందని అత్తగారి నమ్మకం. అందుకే వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

అల్లుడు మధ్య సొరుగు పిడులు రెండూ తిప్పి ఊడదీశాడు. పిడుల బెజ్జాలు పెద్దవి చేసి, పిసికితే గట్టిపడే జిగురుముద్ద కూరాడు. అది మరకు అంటుకోకుండా ముందు వాసెలీన్ పూయాలట.

"ఏమోయ్, వాసెలీన్ ఎక్కడుంది?"

"అలమరలో, మధ్య సొరుగులో చూడండి" అంది భార్య వంటింట్లోంచి.

పిడుల్లేని సొరుగు రానంటే రానంది. గోళ్ళతో లాగాడు, చెంచాతో పెకలించాడు. చేతిలో ముద్ద బిగుసుకుంటోంది. కంగారులో గడ్డం గీసుకునే నురగే మరకూ బెజ్జానికీ పూసి, పిడులు రెండు చోట్లా నొక్కేశాడు. చూడముచ్చటగా కుదిరాయి. కాసేపాగి తిప్పబోతే కదల్లేదు. వేడినీళ్ళు పోశాడు. ఇంకా బిగుసుకున్నాయి.

"అన్ని వేడినీళ్ళెందుకండీ? ఒళ్ళేమైనా నొప్పిగా ఉందా?" అని భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఆఁ... నడుం" అన్నాడు అల్లుడు.

"అయ్యో! నడుం పట్టీ ఆ మధ్య సొరుగులోనే ఉంది!"

ఇద్దరూ సొరుగును పట్టుకుని పీకుతుండగానే అత్తమామలు దిగారు. మామగారు తిన్నగా కర్ర దగ్గరికి వెళ్ళి మూత తిప్పారు. రాలేదు. రెండోది కూడా రాలేదు. ఆయన మొహం జేవురించింది.

"ఏమయ్యా అల్లుడూ, ఏమిటిది?"

అల్లుడికి నిజంగానే ఏడుపొచ్చింది. "మీ మూతలు పోగొట్టానండీ. మీకు తెలిస్తే ఇంక నన్నెప్పుడూ నమ్మరని..."

ఈలోగా అత్తగారు, "పై సొరుగు లాగేస్తే చెయ్యి దూరుతుంది కదమ్మా! ఆ మాత్రం తెలీదూ?" అంటూ పై సొరుగు ఊడలాగి లోపల చెయ్యి పెట్టారు. వాసెలీన్ వచ్చింది, నడుం పట్టీ వచ్చింది, వెనకే రెండు నల్ల పిడులు వచ్చాయి.

"చెప్పడం మర్చిపోయానమ్మా!" అంది భార్య సంబరంగా. "నువ్వు ఎప్పట్నుంచో వెతుకుతున్న కింది సొరుగు పిడులు! ఈయన దగ్గరున్న కర్ర సంచీలో దొరికాయి. నీకు చూపిద్దామని దాచాను."

"అవే మూతలు!" అల్లుడు అరిచాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని.

అత్తగారు పిడులను తిరగేసి చూశారు. లోపల పాతకాలపు జిగురు, దానిమీద మర అచ్చు. ఆవిడ మెల్లగా భర్త వైపు తిరిగారు.

"ఏవండీ, మీ చెల్లెలితో ఇన్నేళ్ళు నేను మాట్లాడలేదు. మీరు చూస్తూ ఊరుకున్నారు!"

మామగారు దగ్గారు. కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత వచ్చి అల్లుడి పక్కన, ఒకే మంచం మీద, మొదటిసారిగా కూర్చున్నారు.

"నేను మరకు మైనం పూశానయ్యా" అన్నారు గొంతు తగ్గించి.

నాలుగు పిడులూ అలమరకు చేరాల్సిందేనని అత్తగారు తీర్పు చెప్పి, ఆడపడుచుకు ఫోన్ చేయడానికి వెళ్ళారు. రెండు పిడులు ఆ పూటే చేరాయి. మిగతా రెండూ ఊడేదాకా కర్ర కూడా అలమరలోనే ఉంటోంది.