తూటా తేలితే గాని

జింకల ప్రాణాలు కాపాడటానికి చట్టాలూ ఉద్యమాలూ అక్కర్లేదు. వేటగాడి ముందు నలభై రకాల తూటాలు పెట్టి, "ఏది మంచిదో నువ్వే తేల్చుకో" అంటే చాలు! నమ్మరా? అయితే ఆస్ట్రేలియాలో, క్రెయిగీబర్న్‌లో ఉండే బాలమురళి సంగతి వినండి.

బాలమురళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆఫీసులో వాళ్లందరూ తీసుకుంటుంటే తనూ తుపాకీ లైసెన్స్ తీసుకుని, ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. అది చూసి ఫిబ్రవరిలో, తెలిసిన పెద్దాయన డాక్టర్ యోగానంద్ గారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక ఆయన మాన్స్‌ఫీల్డ్ దగ్గర కొండవాలులో మూడు వందల చెర్రీ మొక్కలు నాటారు. వాటిని సాంబర్ జింకలు మేసిపోతున్నాయి.

"ఈ వీకెండ్ వచ్చి వాటి సంగతి చూడవయ్యా మురళీ."

"తప్పకుండా అంకుల్! కార్ట్రిడ్జ్ ఒక్కటి ఫైనలైజ్ చేసుకుని వచ్చేస్తా."

తూటా తేలితే గాని తుపాకీ కొనలేడు కదా! మార్చి నెలంతా సిక్స్ పాయింట్ ఫైవ్ అనే తూటా మీద గడిచింది. ఆరువందల మీటర్ల దాకా గాలికి చెదరదట. విక్టోరియాలో సాంబర్‌కి ఆ సైజు చాలదని, చట్టం ఒప్పుకోదని ఏప్రిల్‌లో తెలిసింది. మళ్లీ మొదలు. టూ సెవెంటీ తాతల కాలం నాటిదన్నారు. త్రీ నాట్ ఎయిట్ అంత దూరం పోదన్నారు. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ భుజం ఊడదీస్తుందన్నారు. అతని ప్రశ్న కింద ఆన్‌లైన్ ఫోరమ్‌లో ఇద్దరు పెద్దమనుషులు పద్దెనిమిది రోజులు తిట్టుకున్నారు. అతను మాత్రం నింపాదిగా గాలికో ఎక్సెల్ షీటు, ఎత్తుకో షీటు, చలికో షీటు తయారుచేశాడు.

"అసలు నీకు షూట్ చేయాలనుందా?" అని భార్య కుసుమ ఒకరోజు అడిగింది.

"డేటా కంప్లీట్ అవనీ," అన్నాడు.

ఎంత బాధ్యత గల జవాబు!

అక్టోబరులో సెవెన్ ఎమ్ఎమ్ మాగ్నమ్ ఖాయమైంది. తుపాకీ వచ్చింది. ఓ సాయంత్రం యోగానంద్ గారి పక్కన గడ్డిలో బోర్లా పడుకుని గురిపెట్టాడు. జింక ఆరువందల మీటర్ల దూరంలో నిలబడలేదు. నలభై మీటర్ల దగ్గరికొచ్చి, చిగురు నములుతూ ఇటే చూసింది. ఓ చెవి విదిలించింది.

బాలమురళి వేలు ట్రిగ్గర్ దాకా పోలేదు. జింక తీరిగ్గా ఆ మొక్క ముగించి, పక్క మొక్క కూడా ముగించి వెళ్లిపోయింది.

"సారీ అంకుల్. నా వల్ల కాదు. మొదట్నుంచీ నాకు చంపాలని లేదు. మీకు నో చెప్పలేక..."

యోగానంద్ గారు కోప్పడలేదు. లేచి, ప్యాంటుకంటిన గడ్డి దులుపుకుని, పుల్లలుగా మిగిలిన వరుసల వైపు చూశారు.

"ఆ ముక్క ఫిబ్రవరిలోనే చెప్పుంటే కంచె వేయించుకునేవాణ్ణి కదయ్యా."