ఇసుక బస్తా కసరత్తు

ఆ ఉదయం నూకరాజు గోల్ బజారుకు వెళ్లి కసరత్తు సామాను కొనాలనుకున్నాడు. బిలాస్‌పూర్ రైలు షెడ్డులో ఇంజన్లు తుడిచే పని అతనిది. నెలాఖరున ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉద్యోగానికి పరీక్ష. నాలుగు మణుగుల బరువును షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా దించకుండా మోయాలి. పోయినసారి సగంలోనే కూలబడ్డాడు. ఈసారీ తప్పితే బతుకంతా మసిగుడ్డతోనే.

"కర్ర గదలు జత రెండు రూపాయలంట," అన్నాడు భార్య అసిరమ్మతో.

"ఏటి, కర్రముక్కలకి రెండు రూపాయలా?"

"పోనీ, రోటి పొత్రం ఎత్తుదునా?"

"అది కాలి మీద పడితే పరీక్ష ఆస్పత్రిలో ఇస్తావు. అర్పా నది ఒడ్డున ఇసక ఊరికే ఉంది. గోనెలో పోసుకుని మొయ్యి మావా."

ఆ మాట నచ్చింది. ఇంట్లో ఉన్నది బొగ్గు కొన్నప్పటి పాత గోనె ఒక్కటే. దాంట్లో ఇసుక నింపి, మూతి కుట్టి, రోజూ పొద్దున్నే క్వార్టరు వెనక భుజాన వేసుకుని తిరిగేవాడు. షెడ్డువాళ్లు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పక్క క్వార్టరు మంగాయమ్మ గోడ మీంచి చూసింది. నల్ల గోనె, చాటుమాటు మోత. కుళాయి దగ్గర "షెడ్డు బొగ్గు తెస్తన్నాడు" అంది. ఒక్క బస్తా సాయంత్రానికి పది బస్తాలై, రైల్వే కాపలా జమాదారు చెవిన పడింది.

మర్నాడే జమాదారు దిగాడు. "అచ్ఛా, దొరికావు. ఎత్తు."

"ఇసకండి బాబూ. ఇప్పి సూడండి."

"దొంగసొత్తు ఫోర్‌మన్ సాబ్ ముందే విప్పాలి. దారిలో దించావో, సగం పారబోశావని రాస్తాను."

షెడ్డు మైలు దూరం. ముందు నూకరాజు, వెనక జమాదారు, ఆ వెనక సగం కాలనీ.

"నీ నోటికి తలుపు లేదేటే మంగా?" అంది అసిరమ్మ.

"నల్ల గోనె సూసి పంచదార అనుకోమంటావేటి ఒదినా?"

ఫైర్‌మన్ పరీక్ష పెట్టేది కూడా ఫోర్‌మన్ చిన్నారావు గారే. ఆయన బస్తా కుట్టు కోయించారు. ఇసుక జారి ఆయన బూట్ల మీద పడింది. జమాదారు తేరుకుని, "ఇంజను చక్రాలు జారకుండా వేసే మన ఇసుకే సాబ్," అన్నాడు.

"మన ఇసుకలో నత్తగుల్లలుండవు. జల్లెడ పడతాం," అన్నారాయన. బస్తా కాటా వేయించారు. నాలుగున్నర మణుగులు. "దీన్ని మోసుకొచ్చిందెవరు?"

ఇది ఇంకో కేసు కాబోలనుకున్నాడు నూకరాజు. "నేను కాదండి. జమాదారుగారే."

జమాదారు గొంతు లేచింది. "ఝూట్ సాబ్. వీడే మోశాడు. మైలు పొడుగునా ఒక్కసారీ దించలేదు. నా కళ్లతో చూశాను. ఎక్కడైనా చెబుతాను."

"ఇక్కడే చెప్పండి, చాలు," అని చిన్నారావు గారు నూకరాజు పరీక్ష నెగ్గాడని కాగితం రాసి, కింద సాక్షిగా జమాదారు చేత సంతకం పెట్టించారు.

అప్పటికీ నూకరాజు తాను మోయలేదనే అంటున్నాడు.