ప్రయోగశాలలో ఒక ఖాళీ

పరిశోధనా సంస్థ డైరెక్టరుగారు ఆ ఉదయం కాఫీ తాగుతూనే ఒక ఉద్యోగాన్ని భర్తీ చేసేశారు. ప్రకటన ఇవ్వడం, అభ్యర్థులను పిలవడం, పరీక్ష పెట్టడం ఆయన దృష్టిలో లాంఛనాలు. సాంకేతిక సహాయకుడి పదవి బావమరిదిదేనని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నారు.

"పరీక్షలో నమూనాలు తిప్పే యంత్రం ఆగిపోయి ఉంటుంది. వెనకాల నల్ల ప్లగ్గు గట్టిగా నొక్కు."

"అంతేనా బావా?"

"నొక్కేముందు కాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టు."

"అదొక్కటే వాడివల్ల కాదండీ," అంది భార్య, తమ్ముడిని పుట్టినప్పటినుంచీ ఎరిగినది కనుక.

డైరెక్టరుగారు అందరికంటే ముందే ప్రయోగశాలకు చేరి, మోకాళ్ళమీద పాకి, ప్లగ్గు వదులుచేసి వెళ్ళారు.

ఆ గదిలో ఏళ్ళతరబడి తాత్కాలికంగా పనిచేస్తున్న టెక్నీషియను కూడా ఆ పదవికి దరఖాస్తు పెట్టుకుంది. అది దక్కకపోతే నెలాఖరుకు ఆమె ఇంటికి పోవలసిందే. యంత్రం ఆగి ఉండడం చూసి, పరీక్షనాడు ఈ తప్పు తనమీదికే నెడతారని భయపడి ప్లగ్గు బిగించింది.

కాసేపటికి తొంగిచూసిన డైరెక్టరుగారికి యంత్రం హాయిగా తిరుగుతూ కనబడింది. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ప్లగ్గు వదులుచేసి, ఈసారి ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకున్నారు. ఆయన కాఫీకి వెళ్ళివచ్చేసరికి ఆమె కొత్త ఫ్యూజు వేసేసింది.

"ఎవరు బాగుచెయ్యమన్నారమ్మా నిన్ను?"

"ఎవరూ చెప్పకుండానే చేస్తాననేగా సార్ ఇన్నాళ్ళూ ఉంచారు! ఇవాళ దీనికేం రోగమొచ్చిందో."

"సరే, కిందికెళ్ళి అభ్యర్థులకు మంచినీళ్ళివ్వు."

"నేనూ అభ్యర్థినే సార్."

"అయితే నువ్వూ తాగు!"

ఆమె వెళ్ళగానే ఆయన ఓపిక నశించింది. పటకారు అందుకుని తీగనే కత్తిరించారు. ఫట్టుమని మెరుపు మెరిసింది, భవనమంతా చీకటైంది. ఎంపిక సంఘం అధ్యక్షురాలితో పైకి వస్తున్న లిఫ్టు, ప్రయోగశాల గుమ్మానికి ఒక అడుగు కిందనే నిలిచిపోయింది.

యంత్రం ఆగిందని డైరెక్టరుగారు వేసిన కేక వినగానే బావమరిది పరుగున వచ్చి తన కర్తవ్యం నెరవేర్చాడు. ఫలితం లేదు.

"నొక్కాను బావా! నువ్వు చెప్పిన నల్ల ప్లగ్గే! మొహం కూడా పెట్టాను!"

లిఫ్టులోని నిశ్శబ్దం శ్రద్ధగా విన్నది.

టెక్నీషియను మెట్లెక్కి వచ్చి, తెగిన తీగను తప్పించి, మెయిన్ స్విచ్చు పైకెత్తింది. దీపాలు వెలిగాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎదురుగా పటకారుతో డైరెక్టరుగారు.

"ఏమిటిదంతా?" అని అడిగారు అధ్యక్షురాలు.

"పరీక్షలో భాగమేనండీ! కావాలనే ఒక్కొక్కటీ పాడుచేశాం."

"మంచి పద్ధతి. మరి ఒక్కొక్కటీ బాగుచేసిందెవరు?"

డైరెక్టరుగారు ఆశగా బావమరిదివైపు చూశారు. అతను ఇంకా ప్లగ్గు నొక్కుతూనే ఉన్నాడు.

"నేనే మేడం," అంది టెక్నీషియను. "పరీక్ష అని తెలీదు. ఇక్కడ రోజూ ఇంతే కదా అనుకున్నా."

"అయితే ఈ అమ్మాయి నెగ్గింది. నియామకపత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టండి."

డైరెక్టరుగారు పటకారును ఎడమచేతికి మార్చుకుని సంతకం పెట్టారు.

మరుసటి నెల ఆ సంస్థ మరో ఖాళీని ప్రకటించింది: డైరెక్టరు పదవి, పటకారు పట్టే అలవాటు లేనివారికి ప్రాధాన్యం.