వెర్నా నోటు, ఆర్లో ఇస్త్రీ

"అయోవాలో దొంగలకి కంటి మీద కునుకు లేదంటే కారణం ఒక్కటే, వెర్నా. నేను," అన్నాడు ఆర్లో, మూడో డోనట్ కాఫీలో ముంచుతూ.

పశువుల దాణా కొట్టు మూసేసినప్పటి నుంచీ ఆర్లో డిటెక్టివే. పక్కిల్లు కావడం వల్ల ఆ మేధస్సంతా వెర్నా నెత్తిన పడింది. పోయిన భర్త బైబిల్లో ఆమెకు పాత పది డాలర్ల నోటు దొరికింది. ఎప్పుడో మూతబడ్డ మేపుల్‌ఫోర్డ్ నేషనల్ బ్యాంకు తన పేరుతో విడుదల చేసుకున్న నోటు. పాతనోట్ల వ్యాపారి ప్రూయిట్ నలభై డాలర్లు ఇస్తానన్నాడు, ఇవాళే వస్తున్నాడు. చలి ముంచుకొస్తోంది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చూస్తే చచ్చి కూర్చుంది. నలభైతో అది బాగుపడదు.

ఆర్లో భూతద్దంలో చూసి, దొంగనోటని తేల్చేశాడు. బ్యాంకు అధ్యక్షుడి సంతకం కలంతో ఉండటమే సాక్ష్యమట. ఆ రోజుల్లో ప్రతి నోటుకీ కూర్చుని సంతకాలు పెట్టేవారని వెర్నా చెప్పబోయింది. వింటేగా!

"తడిపి ఇస్త్రీ చేస్తే దొంగ సిరా కక్కేస్తుంది," అంటూ నోటును రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆర్లోది జన్మతః జలుబు, రెండు జేబుల్లోనూ రుమాళ్ళే. వెర్నా వద్దు వద్దంటున్నా రుమాలు తీసి తడిపాడు, ఇస్త్రీపెట్టె ఆనించాడు. అంతలో బయట అనుమానాస్పదంగా కారు ఆగిందని, పెట్టె అలాగే వదిలేసి వెర్నాని కూడా లాక్కుంటూ పరుగెత్తాడు. వచ్చింది ప్రూయిట్. ముగ్గురూ లోపలికి వచ్చేసరికి రుమాలు పొగలు కక్కుతోంది.

"మీరు కొంటానన్న నోటండీ," అంది వెర్నా, ఏడుపు ఆపుకుంటూ. "ఇస్త్రీ చేసేశాడు."

ప్రూయిట్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇస్త్రీయా? తడిపి మరీనా? ఆ ఊరి నోటు ఇంకొకటి దేశంలో లేదమ్మా. ఆరు వేల డాలర్లు బూడిద చేశారు కదమ్మా!" అని, ఆనక నాలుక కరుచుకున్నాడు.

ఆర్లోకి చెమటలు పట్టాయి. ముఖం తుడుచుకుందామని రెండో జేబులోంచి రుమాలు లాగాడు. అందులోంచి నోటు జారి, మడత నలగకుండా నేలమీద పడింది.

వెర్నా దాన్ని తీసుకుంది. "ఎంతన్నారు ప్రూయిట్ గారూ?"

"నలభై..."

"అది కాదు. ఇందాక కూలబడుతూ అన్నది."

ప్రూయిట్ నసిగాడు, నీళ్ళు నమిలాడు, చివరికి చెక్కు రాశాడు. వెర్నాకు ఫర్నేసు వచ్చేసినట్టే ఉంది, ఒళ్ళంతా వెచ్చబడింది.

"నేరస్థుడి నోటితోనే నిజం కక్కించడం నా పద్ధతి," అన్నాడు ఆర్లో.

వెర్నా ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, అతనికి నాలుగో డోనట్ ఇచ్చింది. "ఇది మాత్రం ముంచకుండా తిను," అంది. "నోటింకా బల్ల మీదే ఉంది."